వాడెల్ చిహ్నాలు (నడుము నొప్పి పరీక్ష)

నిర్వచనం

నడుము నొప్పితో వచ్చిన రోగిని పరీక్షించేటప్పుడు, వెన్నుపూస, డిస్క్, నాడీమూలం, కండరం వంటి ఏ ఒక్క భాగానికి కలిగిన దెబ్బతోనూ వివరించడానికి వీలుకాని స్పందనలు కొన్ని కనిపిస్తాయి. వాటిని గుర్తించి ఒక పద్ధతి ప్రకారం నమోదు చేయడానికి రూపొందించిన పరీక్షల సముదాయాన్ని వాడెల్ చిహ్నాలు అంటారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు గోర్డన్ వాడెల్, ఆయన సహచరులు మెక్‌కల్లోక్, కుమ్మెల్, వెన్నర్ 1980లో 'స్పైన్' అనే వైద్య పత్రికలో వీటిని ప్రకటించారు. మొత్తం ఎనిమిది పరీక్షలు ఉండగా వాటిని స్పర్శనొప్పి, అనుకరణ, దృష్టి మళ్ళింపు, ప్రాంతీయ లోపం, అతిస్పందన అనే ఐదు వర్గాలుగా విభజించారు.

రోగికి నొప్పి ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు ఈ చిహ్నాలు జవాబు చెప్పవు. ఆ నొప్పితో ఆందోళన, భయం, కుంగుబాటు, నొప్పిని గురించి ఏర్పడిన నమ్మకాలు ఎంతగా పెనవేసుకున్నాయో, అందువల్ల శరీర పరీక్షలో కనబడేదాన్ని ఎంతవరకు యథాతథంగా తీసుకోవచ్చునో మాత్రమే సూచిస్తాయి. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే ఈ చిహ్నాల చరిత్రలో సగం దుర్వినియోగ చరిత్ర అయింది.

పరిభాష

వైద్యశాస్త్రంలో లక్షణం అంటే రోగి చెప్పుకునేది, చిహ్నం అంటే వైద్యుడు పరీక్షలో స్వయంగా కనుగొనేది. వాడెల్ 1980 నాటి వ్యాసంలో 'నాన్ ఆర్గానిక్' అన్న విశేషణాన్ని వాడారు. దీనిని తెలుగులో శరీరేతరం అనవచ్చును గాని, శరీరంలో లేనిది అన్న అర్థంలో కాదు. తెలిసిన శరీర నిర్మాణ శాస్త్రంతో పొసగనిది అన్నంతవరకే ఆ మాట వర్తిస్తుంది. దీనికి బదులు 'మానసికం' అంటే మరింత చిక్కు వస్తుంది. వాడుకలో ఆ మాటకు నొప్పి నిజంగా లేదని, అంతా అనుకోవడమేనని అర్థం స్థిరపడిపోయింది కనుక, వైద్యుడు ఒక ఉద్దేశంతో అన్న మాట రోగి చెవికి నిందలా వినిపిస్తుంది.

వాడెల్, మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్ మెయిన్ కలిసి 1998లో ఈ విషయాన్ని పునఃపరిశీలించి, 'పరీక్షకు ప్రవర్తనా స్పందనలు' అన్న పేరును ముందుకు తెచ్చారు. రోగం వచ్చిన మనిషి దానిని ఎలా గ్రహిస్తాడు, ఎలా చెప్పుకుంటాడు, దానిని బట్టి ఎలా నడుచుకుంటాడు అన్న మొత్తాన్ని రోగ ప్రవర్తన అంటారు. సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ మెకానిక్ 1960ల ఆరంభంలో ప్రచారంలోకి తెచ్చిన ఈ భావనకు, మనోవైద్యుడు పిలోవ్‌స్కీ 1969లో అసాధారణ రోగ ప్రవర్తన అన్న భావనను జోడించారు. వాడెల్ చిహ్నాలకు ఆధారభూమి ఈ ఆలోచనల వరసే.

చరిత్ర

దెబ్బకూ నొప్పికీ పొంతన కుదరని రోగులు వైద్యులను కలవరపెట్టడం కొత్త సంగతి కాదు. రైళ్ళు వచ్చిన కొత్తలో ఇంగ్లండ్‌లో ప్రమాదాల నుంచి బయటపడినవారు, పైకి గాయమేదీ కనిపించకపోయినా, నెలల తరబడి వెన్నునొప్పితో, నిస్సత్తువతో బాధపడడం చూసి, లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్‌సెన్ 1866లో వెన్నుపాముకు తగిలిన అదురే అందుకు కారణమని వాదించాడు. ఈ స్థితికే తరువాత 'రైల్వే స్పైన్' అన్న పేరు స్థిరపడింది. హెర్బర్ట్ పేజ్ 1883లో దీనిని ఖండించి, ఎక్కువ మందిలో కారణం భయమూ మానసిక ఆఘాతమూ అన్నాడు. పేజ్ ఒక రైల్వే కంపెనీకి శస్త్రవైద్యుడు కూడా అన్నది గుర్తుంచుకోదగిన సంగతి. నష్టపరిహారం, వైద్యుని అభిప్రాయం ఒకదానికొకటి అతుక్కుని నడవడం అప్పటినుంచే ఉంది.

అదే కాలంలో వెన్నునొప్పి పరీక్షకు శరీర పక్షం నుంచి సాధనాలు సమకూరాయి. సయాటికా రోగి కాలును మోకాలు వంచకుండా ఎత్తితే నొప్పి కలుగుతుందన్న పరిశీలనను సెర్బియా వైద్యుడు లాజా లాజరెవిచ్ 1880లోనూ, ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ శిష్యుడు ఫోర్స్ట్ 1881లోనూ ప్రచురించారు. పేరు మాత్రం లాసెగ్‌కు దక్కింది. అమెరికాలో చార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ 1908లో, బలహీనంగా ఉన్నదంటున్న కాలును ఎత్తమన్నప్పుడు రెండవ కాలి మడమ మంచాన్ని కిందికి నొక్కుతున్నదో లేదో చేతితో చూసే పరీక్షను వివరించాడు. ఈనాటికీ నాడీవైద్యులు వాడే హూవర్ చిహ్నం అదే.

మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1934లో వెన్నుపూసల మధ్య డిస్క్ పగిలి నాడీమూలాన్ని ఒత్తడాన్ని సయాటికాకు కారణంగా నిరూపించాక, నడుము నొప్పి అంతటికీ డిస్కే మూలమన్న నమ్మకం బలపడింది. శస్త్రచికిత్సలు విపరీతంగా పెరిగాయి. ఫలితం దక్కనివారికి మళ్ళీ కోత, మళ్ళీ కోత. కెనడాలోని ఒంటారియోలో పనిలో గాయపడి పరిహారం పొందుతున్న ఇటువంటి రోగులను వాడెల్ బృందం పరిశీలించి, డిస్క్ శస్త్రచికిత్స విఫలమైనవారికి తిరిగి చేసే శస్త్రచికిత్స వల్ల కలిగే మేలు ప్రతిసారీ తగ్గుతూ పోతుందని 1979లో తెలియజేసింది. కత్తి పట్టడానికి ముందే ఎవరికి అది పనికిరాదో తెలుసుకోవలసిన అవసరం అక్కడ కళ్ళకు కట్టింది. ఉత్తర అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ 350 మంది రోగులను పరీక్షించి ప్రమాణీకరించిన చిహ్నాలను ఆ మరుసటి ఏడాది ప్రకటించారు. ఆ పరిశోధనకు, వెన్నెముక పరిశోధనలకు ఇచ్చే వోల్వో పురస్కారం 1979 సంవత్సరానికి లభించింది.

అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో ప్రతిపాదించిన జీవ, మానసిక, సామాజిక నమూనాను వాడెల్ 1987లో నడుము నొప్పికి అన్వయించారు. ఆయన గ్రంథం 'ది బ్యాక్ పెయిన్ రివల్యూషన్' 1998లో వెలువడింది.

ఐదు వర్గాలు

స్పర్శనొప్పి. ఇందులో రెండు పరీక్షలున్నాయి. మొదటిది పైపై నొప్పి: నడుము చర్మాన్ని తేలికగా గిల్లినప్పుడు లేదా తాకినప్పుడు విస్తారమైన ప్రదేశంలో బాధ కలగడం. రెండవది నిర్మాణానికి ఒదగని నొప్పి: లోతుగా నొక్కినప్పుడు బాధ ఒక వెన్నుపూసకో, ఒక కీలుకో, ఒక కండరానికో పరిమితం కాకుండా, నడుము మొత్తం వ్యాపించి, కొన్నిసార్లు వీపు పైభాగానికీ పిర్రల కిందికీ పాకడం. చర్మపు నొప్పి సన్నని పట్టీలా ఒక పక్కన మాత్రమే ఉంటే, అది వెన్ను వెనుక భాగానికి వెళ్ళే నాడి శాఖ రేగడం వల్ల కావచ్చును కనుక దానిని లెక్కలోకి తీసుకోరు.

అనుకరణ. వెన్నెముక మీద నిజంగా భారం పడకుండా, పడుతున్నట్టు అనిపించేలా చేసే పరీక్షలివి. నిలబడిన రోగి నడినెత్తిన రెండు చేతులు ఉంచి నిలువుగా తేలికగా నొక్కినప్పుడు నడుములో నొప్పి అంటే చిహ్నం ఉన్నట్టు. మెడలో నొప్పి అంటే లేనట్టు, ఎందుకంటే మెడనొప్పి ఈ ఒత్తిడికి సహజంగానే రావచ్చు. రెండవ పరీక్షలో రోగి పాదాలు దగ్గరగా పెట్టి వదులుగా నిలబడగా, భుజాలనూ తుంటినీ ఒకే తలంలో ఉంచి దేహాన్ని మొత్తంగా పక్కకు తిప్పుతారు. ఇలా తిప్పినప్పుడు వెన్నెముకలో మెలిక పడదు. అయినా నడుము నొచ్చితే చిహ్నం ఉన్నట్టే గాని, నాడీమూలం రేగివున్న రోగికి ఈ కదలికలో కాలినొప్పి రావచ్చును, దానిని లెక్కించకూడదు. నీళ్ళ బిందెలు, గడ్డిమోపులు, ఇటుకలు నెత్తిన మోసే పనిలో నడుము పట్టేసినవారికి నెత్తిమీది ఒత్తిడి వట్టి అనుకరణ కాదు, నొప్పి పుట్టిన సందర్భాన్నే గుర్తుచేసే తాకిడి. పాశ్చాత్య పాఠ్యగ్రంథాల్లోని సూచనలను తెలుగు ప్రాంతాల్లో యథాతథంగా అన్వయించడానికి ముందు దీనిని తలచుకోవడం మంచిది. వెన్నుపూస కుంగివుండవచ్చునన్న అనుమానం ఉన్నప్పుడు, ముఖ్యంగా ఎముకలు గుల్లబారిన వృద్ధులలో, ఈ పరీక్ష చేయకపోవడమే ఉచితం.

దృష్టి మళ్ళింపు. పరీక్ష అని తెలిసినప్పుడు కనబడిన బాధ, రోగి ధ్యాస వేరేచోట ఉన్నప్పుడు కనబడకపోవడం ఈ వర్గానికి మూలం. దీనికి నియమిత పరీక్ష కాలెత్తుట. వెల్లకిల పడుకున్న రోగి కాలును మోకాలు వంచకుండా ఎత్తుతుంటే, సుమారు 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి జారే నొప్పి వస్తే అది నాడీమూలం లాగబడుతున్నదనడానికి గుర్తు (చూ. సయాటికా). అదే రోగి బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నప్పుడు, అరికాలి ప్రతిచర్య చూస్తున్నట్టుగా మడమ పట్టుకుని మోకాలిని నిటారుగా చాపితే, నాడి దాదాపు అంతే లాగబడుతుంది. పడుకున్నప్పుడు 30 డిగ్రీల వద్దే వద్దన్న రోగి, కూర్చున్నప్పుడు కాలు పూర్తిగా చాచినా ఉలకకుండా మాట్లాడుతుంటే పొంతన లేదన్నట్టు. నాడీమూలం నిజంగా ఒత్తిడికి గురైనవాడు కాలు చాపగానే నొప్పి తప్పించుకోవడానికి వెనక్కి వాలిపోతాడు. కూర్చున్న భంగిమలో నడుము వంపు మారుతుంది కనుక రెండింటి మధ్య కొద్దిపాటి తేడాకు అర్థం లేదు, కొట్టొచ్చినట్టు కనబడే తేడాకే విలువ. వాడెల్ బృందం ఈ భావనను ఒక్క కాలెత్తుటకు పరిమితం చేయలేదు. గదిలోకి నడిచి రావడం, చొక్కా విప్పడం, చెప్పులు వేసుకోవడానికి వంగడం, బల్ల ఎక్కి దిగడం అన్నీ పరీక్షలో భాగమేనని, రోగిని బాధపెట్టకుండా, మోసగించకుండా గమనించాలని వారి ఉద్దేశం.

ప్రాంతీయ లోపం. వెన్నుపాము నుంచి బయలుదేరే ఒక్కొక్క నాడీమూలం చర్మంలో ఒక పట్టీకి స్పర్శనూ, కొన్ని కండరాలకు బలాన్నీ ఇస్తుంది. ఐదవ నడుము నాడీమూలం దెబ్బతింటే పాదం పైభాగమూ బొటనవేలూ మొద్దుబారుతాయి, బొటనవేలిని పైకెత్తే బలం తగ్గుతుంది. దీనికి భిన్నంగా, కాలు మొత్తం మేజోడు తొడిగినంత మేర తిమ్మిరెక్కిందని చెప్పడం, సంబంధంలేని కండరాలన్నీ ఒక్కసారిగా నీరసించడం, బలం పరీక్షించేటప్పుడు మొదట గట్టిగా పట్టి మరుక్షణం వదిలేయడం ఈ వర్గంలోని రెండు చిహ్నాలు, ఒకటి స్పర్శకు, మరొకటి బలానికి.

అతిస్పందన. పరీక్ష తాకిడికి మించిన కేకలు, ముఖ కవళికలు, వణుకు, కండరాలు బిగదీసుకోవడం, చెమటలు పట్టడం, కూలబడిపోవడం ఇందులోకి వస్తాయి. ఐదింటిలోనూ ఇదే అతిముఖ్యమైనదని వాడెల్ బృందం భావించింది. పరీక్షకుని మనోభావం అత్యధికంగా చొరబడేది కూడా దీనిలోనే అని అదే బృందం హెచ్చరించింది. విసుగుతో ఉన్న వైద్యుడు తనకు తెలియకుండానే ఈ స్పందనను రప్పించగలడు.

లెక్కింపు

ఒక వర్గంలోని రెండు పరీక్షల్లో ఏ ఒక్కటి సానుకూలమైనా ఆ వర్గం మొత్తం సానుకూలమైనట్టు పరిగణిస్తారు. ఐదు వర్గాల్లో మూడుగాని అంతకుమించిగాని సానుకూలమైతేనే ఫలితానికి వైద్యపరమైన ప్రాముఖ్యం ఉంటుంది. ఒకటి రెండు చిహ్నాలు సాధారణ రోగులలోనూ కనిపిస్తాయి కనుక వాటికి అర్థం కట్టకూడదు.

చిహ్నాల వెనుక ఉన్న ప్రక్రియలు

నొప్పి అంటే గాయం దగ్గర తీగ లాగితే మెదడులో మోగే గంట కాదన్న అవగాహన 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతంతో స్థిరపడింది. వెన్నుపాములోకి చేరే నొప్పి సంకేతాలను పైనుంచి వచ్చే ఆజ్ఞలు హెచ్చించగలవు, తగ్గించగలవు. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో, తీవ్రమైన ప్రేరణ తరువాత వెన్నుపాములోని నాడీకణాలే అతిగా సున్నితమవుతాయని చూపించారు. కేంద్ర సున్నితీకరణ అని పిలిచే ఈ స్థితిలో మామూలు తాకిడి కూడా నొప్పిగా అనుభవానికి వస్తుంది, నొప్పి దెబ్బతగిలిన చోటు దాటి వ్యాపిస్తుంది. ఈ వెలుగులో చూస్తే 1980లో శరీరేతరమన్న పైపై స్పర్శనొప్పి, విస్తరించిన నొప్పి కొందరిలో నాడీమండలపు మార్పులకే ఆనవాళ్ళు కావచ్చును. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో, కణజాలానికి గాని నాడికి గాని స్పష్టమైన దెబ్బ లేకుండానే నొప్పి గ్రహణం మారిపోయిన స్థితికి 'నోసిప్లాస్టిక్' నొప్పి అన్న మూడవ వర్గాన్ని గుర్తించింది. చిహ్నాల పేరులోని నాన్ ఆర్గానిక్ అన్న విశేషణం ఇప్పుడు పాతబడిందనడానికి ఇదే ప్రధాన కారణం.

రెండవ ప్రక్రియ భయం. కదిలితే దెబ్బ పెరుగుతుందని నమ్మినవాడు కదలడు. కదలకపోతే కండరం సన్నగిల్లుతుంది, కుంగుబాటు పెరుగుతుంది, నొప్పి మరింత దృష్టిని లాగుతుంది. ఈ భయ, పరిహరణ చక్రాన్ని వ్లేయెన్, లింటన్ 2000లో సమగ్రంగా వివరించారు. దానికి మూలమైన నమ్మకాలను కొలిచే ప్రశ్నావళిని వాడెల్ బృందమే 1993లో తయారుచేసింది. తెలుగు ప్రాంతాల్లో ఈ నమ్మకాలకు పోషణ తరచు వైద్యశాల నుంచే వస్తుంది. 'డిస్క్ జరిగింది', 'ఎముక అరిగింది', 'నాలుగూ ఐదూ మధ్య గ్యాప్ వచ్చింది' అన్న మాటలు ఎమ్మారై కాగితంతోపాటు ఇంటికి చేరి, విరిగిపోయే వస్తువును మోస్తున్నామన్న భావన కలిగిస్తాయి. నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎమ్మారై తీసిన 1994 నాటి అమెరికన్ పరిశీలనలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్క్ ఉబ్బు కనిపించింది. నొప్పి లేనివారి మీద జరిగిన పరిశీలనలను క్రోడీకరించిన 2015 సమీక్ష ప్రకారం డిస్క్ క్షీణత 20 ఏళ్ళవారిలో 37 శాతం, 80 ఏళ్ళవారిలో 96 శాతం.

మూడవది పని, పరిసరాలు. అమెరికాలోని బోయింగ్ కర్మాగారంలో 3,020 మంది ఉద్యోగుల మీద జరిగి 1991లో ప్రచురితమైన అధ్యయనంలో, తమ పని దాదాపు ఎన్నడూ ఆనందాన్నివ్వదన్నవారు, దాదాపు ఎల్లప్పుడూ ఇస్తుందన్నవారికంటే 2.5 రెట్లు ఎక్కువగా వెన్నుగాయాన్ని ఫిర్యాదు చేశారు.

తప్పుదోవ పట్టించే వ్యాధులు

ఈ చిహ్నాలను వెతకడానికి ముందు ప్రమాదకర వ్యాధులను తోసిపుచ్చాలన్నది మూల వ్యాసం నాటి నుంచీ ఉన్న షరతు. రాత్రిపూట తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, మలమూత్రాలపై పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం వంటివి కనిపిస్తే చిహ్నాల లెక్క పక్కన పెట్టాలి. చివరి రెండూ అశ్వపుచ్ఛ నాడీసమూహం నలగడానికి గుర్తులు, గంటల్లో శస్త్రచికిత్స అవసరమయ్యే స్థితి అది. భారతదేశంలో వీటికి తోడు వెన్నెముక క్షయను ఎల్లవేళలా తలచుకోవాలి (చూ. పాట్స్ వ్యాధి). నలభై ఏళ్ళ లోపు మొదలై, పొద్దున్నే నడుము బిగుసుకుపోయి, కదిలితే సడలే నొప్పి వెన్నెముక వాపురోగాన్ని సూచిస్తుంది.

శరీరేతరంగా భ్రమపెట్టే శారీరక వ్యాధులు మరొక కోవకు చెందుతాయి. మధుమేహ నాడీవ్యాధిలోనూ బి12 విటమిన్ లోపంలోనూ రెండు పాదాలకూ మేజోడు ఆకారంలోనే తిమ్మిరి వస్తుంది. నడుము దగ్గర వెన్నునాళం ఇరుకైన వృద్ధులలో పలు నాడీమూలాలు ఒకేసారి దెబ్బతిని, లోపం ఒక పట్టీకి పరిమితం కాదు. విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడినవారికి ఎక్కడ నొక్కినా నొప్పే, తొడ కండరాలూ నీరసిస్తాయి.

తెలుగు నేలకు ప్రత్యేకంగా సంబంధించినది ఫ్లోరోసిస్. భారతదేశంలో ఈ వ్యాధిని మొదట వర్ణించింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. నేటి ప్రకాశం జిల్లాలోనూ తెలంగాణలోని నల్లగొండ ప్రాంతంలోనూ తాగునీటి ఫ్లోరైడ్ దశాబ్దాలపాటు ఎముకల్లో పేరుకోవడంతో తొలిదశలో స్పష్టమైన గుర్తులేవీ లేకుండా నడుమూ కీళ్ళూ అంతటా నొస్తాయి. ఆ దశలో ఎక్స్‌రే కూడా మామూలుగా ఉండవచ్చు. తరువాత స్నాయువులు గట్టిపడి, వెన్నెముక ఒకే కర్రలా బిగిసిపోతుంది. తొలిదశ రోగిలో విస్తరించిన స్పర్శనొప్పిని చూసి ప్రవర్తన అని రాయడం కంటే, ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగాడని అడగడం శాస్త్రీయం.

నొప్పి భాష

మూల పరిశోధన బ్రిటిష్, ఉత్తర అమెరికా రోగుల మీద జరిగింది. బాధను వెల్లడించే తీరు సంస్కృతిని బట్టి మారుతుంది కనుక ఇతర సంస్కృతులవారిలోనూ వృద్ధులలోనూ ఈ చిహ్నాలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలని వాడెల్, మెయిన్ స్వయంగా చెప్పారు. తెలుగులో ఆ జాగ్రత్తకు భాషాపరమైన కారణాలు కూడా ఉన్నాయి. వాడెల్ బృందం చిహ్నాలతోపాటు అసంగత లక్షణాల జాబితాను కూడా రూపొందించింది. కాలు మొత్తం నొప్పి, కాలు మొత్తం తిమ్మిరి, కాలు మొత్తం పట్టు తప్పడం, ముడ్డిపూస దగ్గర నొప్పి, ఏడాదిలో ఒక్కరోజైనా నొప్పి లేకుండా గడవకపోవడం, ఏ చికిత్సా పడకపోవడం, నడుము నొప్పికి అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం అందులో ముఖ్యమైనవి. తెలుగులో తొడ నుంచి పాదం దాకా అంతటికీ 'కాలు' అన్నదే మాట. పాదం నొచ్చినా కాలు నొప్పే, పిక్క నొచ్చినా కాలు నొప్పే. 'కాలంతా లాగేస్తోంది', 'కాళ్ళు పీకుతున్నాయి' అన్న రోగిని చేత్తో చూపించమంటే తొడ వెనుక నుంచి చీలమండ దాకా సన్నని గీత గీయవచ్చు, అది అచ్చమైన సయాటికా. అలాగే 'నడుము' అన్నప్పుడు వెన్ను దిగువభాగమే కాక డొక్కల పక్కభాగమూ ఇమిడి ఉంటుంది గనుక మూత్రపిండాల రాయి కూడా నడుము నొప్పిగానే వైద్యుని దగ్గరికి వస్తుంది.

కలుక్కుమనడం, పోటు, సలుపు, గుంజడం, మంట, మొద్దుబారడం ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. మంట, తిమ్మిరి నాడి వైపు, కలుక్కుమనడం కీలు, కండరం వైపు చూపిస్తాయి. ఇక నొక్కగానే 'అమ్మా' అనడం తెలుగువారికి ఊపిరి వంటిది. దానిని అతిస్పందన కింద జమకట్టే పరీక్షకుడు రోగికంటే తన పాఠ్యపుస్తకాన్నే ఎక్కువగా నమ్ముతున్నాడనాలి.

బూటకం ప్రశ్న

లాభం కోసం లేని రోగాన్ని కావాలని నటించడాన్ని బూటకపు రోగం అంటారు. వాడెల్ చిహ్నాలు దానిని పట్టిస్తాయన్న అభిప్రాయం, పరిహార వివాదాల్లోనూ బీమా నివేదికల్లోనూ బలంగా వ్యాపించింది. రచయితల ఉద్దేశం ఇది కాదు. చిహ్నాలు నటనకు రుజువులు కావని, వాటిని విశ్వసనీయతకు కొలమానంగా వాడకూడదని 1998 వ్యాసం స్పష్టం చేసింది. ఫిష్‌బెయిన్ బృందం 2003లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, చిహ్నాలకూ పరోక్ష లాభానికీ సంబంధం ఉన్నదనడానికి ఆధారం లేదని, ఎక్కువ నొప్పి, తక్కువ కార్యసామర్థ్యం, చికిత్సకు పేలవమైన ఫలితం మాత్రం వీటితో ముడిపడి ఉన్నాయని తేల్చింది. నమ్మరేమోనన్న భయం రోగిని తన బాధను పెద్దది చేసి చూపేలా పురికొల్పుతుంది. అనేకసార్లు పరీక్షకు గురై, ప్రతిసారీ అనుమానపు చూపు ఎదుర్కొన్నవారిలో అతిస్పందన కనిపించడానికి వేరే వివరణ వెతకనక్కరలేదు. దీనికి ఎదురువాదం కూడా ఉంది. మూడుగాని అంతకుమించిగాని చిహ్నాలు పరిహారం కోరేవారిలో ఎక్కువని చూపిన అధ్యయనాలు లేకపోలేదు. అయితే పరిహారం కోరేవారిలో ఆందోళన కూడా ఎక్కువే కనుక ఏది దేనికి కారణమో వాటినుంచి తేలదు.

పరీక్షా విధానం, తరువాతి చర్యలు

చిహ్నాలను విడిగా, రోగిని పట్టుకోవడానికన్నట్టు కాకుండా మామూలు పరీక్షలో కలిపే చూస్తారు. మూడు వర్గాలు సానుకూలమైనంత మాత్రాన శరీర పరీక్ష ఆగదు. ఒకే మనిషిలో నిజమైన డిస్క్ పగులూ తీవ్రమైన భయమూ కలిసి ఉండవచ్చు, నిజానికి తరచూ ఉంటాయి కూడా. అందుకే నాడీ ప్రతిచర్యలు, కండరాల క్షీణత వంటి, రోగి ఇచ్ఛతో మార్చలేని చిహ్నాలకు అప్పుడు విలువ పెరుగుతుంది. శస్త్రచికిత్స నిర్ణయాన్ని మాత్రం వాయిదా వేసి, మానసిక, సామాజిక అంశాలను విడిగా అంచనా వేస్తారు.

ఆ అంచనాకు నేడు చిహ్నాలకంటే ప్రశ్నావళులను ఎక్కువగా వాడుతున్నారు. న్యూజిలాండ్‌లో 1997లో, నొప్పి దీర్ఘకాలికమయ్యే ప్రమాదాన్ని సూచించే మానసిక, సామాజిక అంశాలకు 'పసుపు జెండాలు' అని పేరు పెట్టారు. ప్రమాదకర వ్యాధుల సూచనలైన 'ఎర్ర జెండాలు' వీటికి జోడు. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం రూపొందించిన తొమ్మిది ప్రశ్నల 'స్టార్ట్ బ్యాక్' పత్రం రోగులను తక్కువ, మధ్య, అధిక ప్రమాద వర్గాలుగా విభజిస్తుంది. ఆ విభజనను బట్టి చికిత్స ఇవ్వడం మామూలు పద్ధతికంటే మేలని 851 మంది మీద జరిగిన ప్రయోగం 2011లో చూపింది. అధిక ప్రమాద వర్గంవారికి వ్యాయామంతోపాటు ఆలోచనా విధానాన్నీ అలవాట్లనూ సరిదిద్దే మానసిక చికిత్సను జోడిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి వెలువరించిన మార్గదర్శకాల్లోనూ వ్యాయామం, మానసిక చికిత్సలు, రోగికి అవగాహన కల్పించడం ఉన్నాయి. 2020లో నడుము నొప్పితో ఉన్నవారి సంఖ్య ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్లు.

నమోదు విషయంలో, కేస్ షీట్‌లో 'వాడెల్ పాజిటివ్' అన్న రెండు మాటలు రాయడం సరిపోదు. ఏ పరీక్ష చేస్తే ఏమి కనబడిందో విడివిడిగా, 'నెత్తిమీద తేలికగా నొక్కినప్పుడు నడుము దిగువన నొప్పి చెప్పారు. కూర్చున్నప్పుడు కుడికాలు నొప్పి లేకుండా పూర్తిగా చాచారు' అన్నట్టు రాయవలసి ఉంటుంది. అప్పుడు ఆ తరువాత చూసే వైద్యుడు, లేదా పరిహారం తేల్చే న్యాయమూర్తి, మొదటి వైద్యుని అభిప్రాయాన్ని కాక ఆయన చూసినదాన్ని చదువుతాడు.